సూర్యనారాయణ స్వామివారికి బహిరంగ లేఖ

శ్రీ సూర్యనారాయణ స్వామివారి దివ్య సముఖమునకు,
అరసవల్లి, శ్రీకాకుళం జిల్లా.

విషయం: పుష్య మాసంలో ఉదయపు హాజరు ఆలస్యం కావడం, అందువల్ల చిన్నపిల్లలున్న ఇళ్ళకు కలుగుతున్న ఇబ్బందులు.

డిసెంబరు 21, 22 తేదీల్లో పగలు ఏడాది మొత్తంలో అతి పొట్టిగా ఉంటుంది. హైదరాబాదులో అది సుమారు 11 గంటల 5 నిమిషాలు. ఆ మర్నాటి నుంచి పగలు పెరగడం మొదలవుతుంది. అయితే బడిబస్సు కోసం పిల్లల చెయ్యి పట్టుకుని వీధి చివర నిలబడే తల్లిదండ్రులకు ఆ పెరుగుదల ఎక్కడా కనిపించదు. డిసెంబరు 21న హైదరాబాదులో సూర్యోదయం ఇంచుమించు 6:41కి. జనవరి 20 నాటికి అది 6:50కి జరుగుతుంది. అదే నెల రోజుల్లో సూర్యాస్తమయం 5:46 నుంచి 6:04కి పోతుంది. లాభమంతా సాయంత్రం ఖాతాలో పడి, నష్టం మాత్రం ఉదయానికి మిగులుతోంది. డిసెంబరు 21 నాటి సూర్యోదయ వేళ తిరిగి రావాలంటే ఫిబ్రవరి మూడో వారం దాకా ఆగాలి. ఉత్తరాయణం వచ్చిందని సంక్రాంతికి ఇంటిల్లిపాదీ పండగ చేసుకునే నాటికి తెల్లవారు జామున పరిస్థితి ఇంకా దిగజారుతూనే ఉంటుంది.

ఈ ఆలస్యానికి కారణం రికార్డులో ఉన్నదే. జనవరి మొదటి వారంలో భూమి స్వామివారికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జులైలో ఆ దూరం 15.2 కోట్లు. దగ్గరైనప్పుడు భూమి వేగంగా కదులుతుంది. ఆ వేగం, భూమి ఇరుసు వంపు రెండూ కలిసి ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం నుంచి మరో మధ్యాహ్నానికి పట్టే సమయాన్ని 24 గంటల కంటే దాదాపు అర నిమిషం పెంచుతాయి. గడియారం ఆగదు కనుక సూర్యోదయం వెనకబడుతుంది. పిల్లలు వణికే రోజుల్లో స్వామివారు 50 లక్షల కిలోమీటర్లు దగ్గరికి వచ్చి కూడా, కిరణాలు ఏటవాలుగా పడటం వల్ల, వెచ్చదనం ఇవ్వకపోగా ఆలస్యం మాత్రం చేస్తున్నారన్నది అర్జీదారుల ముఖ్య అభ్యంతరం.

ఆలస్యం అందరికీ సమానంగానూ లేదు. జనవరి 20న స్వామివారి ప్రధాన కార్యాలయమున్న శ్రీకాకుళంలో సూర్యోదయం సుమారు 6:30కి. పడమటనున్న ఆదిలాబాదులో 6:53కి. దేశమంతటికీ ఒకటే గడియారం, అది కాకినాడ మీదుగా పోయే రేఖాంశానికి దగ్గరగా నడుస్తుంది. శీతకాలంలో కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఒక అంకెకు పడిపోయే ఆదిలాబాదుకే ఎండ ఆలస్యంగా చేరడం అన్యాయం కాక మరేమిటి?

అసలు చలి ఎక్కువగా ఉండేది నడిరాత్రి కాదు. నేల రాత్రంతా వేడిని ఆకాశానికి వదులుతూనే ఉంటుంది, మబ్బు లేని రాత్రి మరీను. ఎండ కాస్త ముదిరేదాకా ఆ నష్టం పూడదు. కనుక రోజులో అతి చల్లని సమయం సూర్యోదయం చుట్టుపక్కలే. బడిబస్సు వచ్చేదీ సరిగ్గా అప్పుడే. బరువుతో పోలిస్తే పిల్లల ఒంటికి చర్మం ఎక్కువ, అందుకే పెద్దల కంటే త్వరగా వేడి కోల్పోతారు. నెలల పిల్లలకైతే ఒళ్ళు వెచ్చబడేలా వణకడం కూడా చేతకాదు. తల పెద్దది, జుట్టు పలచన. మంకీ టోపీ అందుకే. ఆ టోపీని తొడిగిన మరుక్షణం పీకి పారేయడం రెండేళ్ళ పిల్లల జన్మహక్కు.

7 గంటల బస్సు అందాలంటే ఇంట్లో 5:30కే లైట్లు వెలగాలి. దుప్పటి లాగితే పిల్లవాడు ముడుచుకుంటాడు, రెండోసారి లాగితే మంచం చివరికి దొర్లుతాడు. రాత్రి చెమట పట్టదు, తాగిన నీళ్ళన్నీ పక్కమీదే తేలతాయి. తడిసిన బొంతకు ఎండ కావాలి, ఎండ రావడానికి గంటన్నర ఉంది. జడలు వేయబోతే కొబ్బరినూనె సీసాలో పేరుకుని ఉంటుంది. ఉష్ణోగ్రత 24 డిగ్రీలకు దిగిందంటే ఆ నూనె గడ్డకట్టడం మొదలవుతుంది కనుక సీసాను వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టాలి. ఆ వేణ్ణీళ్ళు స్నానానికి పెట్టినవి. రాత్రి తోడు వేసిన పాలు పాలుగానే ఉంటాయి. పెరుగు తోడుకోవడానికి వెచ్చదనం కావాలి, అందుకే గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దాచే ఇళ్ళున్నాయి. ఇడ్లీ పిండి పొంగదు. పెరుగన్నం తప్ప వేరే డబ్బా ముట్టని పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

జలుబుకు మాత్రం స్వామివారిని బాధ్యులను చేయడం లేదు. దానికి కారణం వైరస్‌లు. తలుపులు మూసిన గదుల్లో అందరూ ఒక్కచోట చేరడం వాటికి కలిసివస్తుంది. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. ఇంటివైద్యంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి: ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు, రెండేళ్ళలోపు వారికి కర్పూరం కలిసిన బామ్ రాయకూడదు. బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెడితే వాసన లేని విషవాయువు ప్రాణం తీస్తుంది. ఇక చంటిపిల్లలకు నువ్వులనూనె మర్దనా చేసి నీరెండలో పడుకోబెట్టే అలవాటు మంచిదే, ఒళ్ళు వెచ్చబడుతుంది. విటమిన్ డి తయారు చేసే కిరణాలు మాత్రం పొద్దున్నే కిందికి చేరవు. ఆ లోటు పూడ్చడానికి వైద్యులు చుక్కల మందు రాస్తారు.

పై కారణాల చేత, జనవరిలో కనీసం ఇరవై నిమిషాలు ముందుగా వేంచేయవలసిందని మనవి. మార్చి, అక్టోబరు నెలల్లో ఉదయ కిరణాలు అరసవల్లి గర్భగుడిలో మూలవిరాట్టు పాదాలను తాకేలా అంత కచ్చితంగా వేళ పాటించగలవారికి ఇది అసాధ్యం కాదని అర్జీదారుల నమ్మకం. గ్రహగతులు అడ్డువస్తాయంటే ప్రత్యామ్నాయం ఒకటుంది: సూర్యోదయం మనుషులు పెట్టింది కాదు గానీ బడిగంట మనుషులు పెట్టిందే. ఆదిలాబాదు వైపు చలి ముదిరినప్పుడు అధికారులు బడివేళలు వెనక్కి జరిపిన సందర్భాలున్నాయి. ఏడేళ్ళ పిల్లవాడు మొదటి పీరియడు ముప్పావు గంట ఆలస్యంగా వింటే చదువు చెడుతుందని ఎవరూ నిరూపించలేదు. అయినా యాజమాన్యాలకు పెట్టుకున్న అర్జీలకు జవాబు రావడం అరుదు కనుక, రోజూ తప్పకుండా దర్శనమిచ్చే అధికారికే ఈ లేఖ.

ఇట్లు,
ఎల్‌కేజీ నుంచి మూడో తరగతి వరకు పిల్లలున్న కుటుంబాలు.

నకలు: 1. సారథి అనూరుల వారికి, తగు చర్య నిమిత్తం. 2. పాఠశాలల యాజమాన్యాలకు, సమాచారం నిమిత్తం మాత్రమే.