కాడ ఉన్నదేదైనా చిన్న కొట్లోనే కొనండి

పప్పులూ నూనె ప్యాకెట్లూ సబ్బులూ సూపర్ మార్కెట్టులోనే కొనుక్కోండి. నాలుగు రూపాయలు కలిసొస్తాయి, నేనూ అదే చేస్తాను. కాడ ఉన్నది, మూత ఉన్నది, ముక్కు ఉన్నది, మడత బందు ఉన్నది మాత్రం ఏదైనా సరే అక్కడ బండిలో వేసుకోకండి. కుక్కరు, మూకుడు, బకెట్టు, ఫ్లాస్కు, కాఫీ ఫిల్టరు, గొడుగు, చీపురు, ఇవన్నీ మీ వీధి చివరి సామాన్ల కొట్లో కొనండి. యాభై రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనండి. బేరం ఆడకండి. వీలైతే డబ్బు ముందే ఇచ్చి ఉంచండి. ఇల్లు పొదుపుగా నడిపేవాళ్లెవరూ ఇలాంటి సలహా ఇవ్వరని తెలుసు. మా ఆడపడుచైతే ఇది బుద్ధి ఉన్నవాళ్లు చెప్పే మాట కాదంది. పాతికేళ్లు వంటిల్లు చూసుకున్నాక కూడా నేను ఇదే చెప్తాను.

వస్తువు ఎక్కడ చెడుతుందో ఒక్కసారి మీ అటక మీదకెక్కి చూడండి. గిన్నె గిన్నెలాగే ఉంటుంది, కాడ ఊడి ఉంటుంది. బకెట్టుకి చిల్లుండదు, చెవి తెగి ఉంటుంది. ఫ్లాస్కు లోపల అద్దం మెరుస్తూనే ఉంటుంది, మూత మరలు అరిగి ఉంటాయి. అటక మీద సామానులో సగం అతుకు దగ్గర ఆగిపోయినదే. ఆ అతుకు పట్టుకుని రేపు ఎవరి గుమ్మం ఎక్కగలమన్నది కొన్న రోజునే తేలిపోతుంది.

రెండేళ్ల కిందట మా రాజమండ్రిలోనే ఒక పెద్ద సూపర్ మార్కెట్టులో నాన్‌స్టిక్ మూకుళ్లు మూడు కలిపి తగ్గింపు ధరకి తెచ్చాను. రెండో నెలలో అప్పడాలు వేయిస్తుంటే పెద్దదాని కాడ గిర్రున తిరిగింది. నూనె పొయ్యి మీద పడింది, అదృష్టం కొద్దీ నా మీద పడలేదు. పట్టుకెళ్తే కౌంటరులో అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "మార్చుకునే గడువు దాటిపోయింది మేడం, విడిగా కాడలు మాకు రావండి." అతని తప్పేం లేదు. ఆ మూకుడు ఎక్కడ తయారైందో అతనికి తెలీదు, వచ్చే నెల అదే రకం వస్తుందో లేదో కూడా తెలీదు. అక్కణ్ణించి నేరుగా కోటగుమ్మం వైపున్న ఓ పాత సామాన్ల కొట్టుకి వెళ్లాను. కొట్టు బాబాయిగారు కాడని రెండు వేళ్లతో కదిపి చూసి, "ఒక్క స్క్రూ మీద నిలబెట్టారమ్మా. ఈ మర కొలతకి మన దగ్గర కాడ దొరకదు" అన్నారు. తర్వాత ఆయన అమ్మే ఇనప మూకుడు తీసి చూపించారు. రెండు చెవులు, చెవికి రెండేసి రివిట్లు, రివిట్ తలలు లోపలివైపు చేతికి తగలకుండా నున్నగా కొట్టి ఉన్నాయి. "వదులైతే తీసుకురా, నువ్విక్కడ నిలబడి ఉండగానే బిగించి ఇస్తాను." దాని ధర నేను తెచ్చిన మూడింటి ధరకీ దగ్గర దగ్గరగా ఉంది. కొన్నాను. ఈ రోజు వంకాయలు వేయించింది అందులోనే.

కుక్కరు విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్తాను. 2021 ఫిబ్రవరి నుంచి ఐఎస్ఐ గుర్తు లేని ప్రెషర్ కుక్కరు మన దేశంలో అమ్మకూడదు. దాని ప్రమాణం నంబరు ఐఎస్ 2347. ఎక్కడ కొన్నా ఆ గుర్తు చూసుకోవాల్సిందే. అయితే కుక్కరు ఒకసారి కొని మర్చిపోయే వస్తువు కాదు. గాస్కెట్ రబ్బరు వేడికి బిరుసెక్కుతుంది, మారుస్తూ ఉండాలి. లోపల నీళ్లు ఇంకిపోయి అడుగంటితే సేఫ్టీ వాల్వులో ఉన్న మెత్తని లోహం కరిగి ఆవిరిని బయటికి వదిలేస్తుంది. ఒకసారి కరిగిందంటే కొత్తది వేయించాలి. హాకిన్స్ మూత లోపలికి దిగి బిగుస్తుంది, ప్రెస్టీజ్‌లో ఎక్కువ రకాలకి మూత పైన కూర్చుంటుంది. దేని గాస్కెట్ దానిదే. వాల్వు పోయిన చోట ఏదో బిరడా బిగించి వండుతున్న ఇల్లు నేను చూశాను. ఆవిరికి దారి లేకుండా చేసి దాని పక్కనే పసిపిల్లని కూచోబెట్టుకున్నారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి. కొట్లో మేకుకి గుత్తిగా వేలాడే గాస్కెట్లలోంచి మీ మూతకి సరిపోయేది తీసి, పెట్టి, మూత బిగించి చూపించి మరీ ఇస్తారు. కంపెనీదే అడగండి, నకిలీది నాలుగు రూపాయలు తక్కువైనా వద్దనండి. మా పిన్ని కూతురు అమెరికా నుంచి వచ్చిన ప్రతిసారీ వెళ్లేటప్పుడు ఆవకాయ సీసాల మధ్య నాలుగు గాస్కెట్లు సర్దుకుని వెళ్తుంది.

స్టీలు సామానుకి అయస్కాంతం పట్టుకెళ్లమనే చిట్కా మీరూ వినే ఉంటారు. అతుక్కోకపోతే మేలు రకమట. ఆ చిట్కా వదిలేయండి. 304 రకం స్టీలులో ఇంచుమించు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అది అయస్కాంతానికి అతుక్కోదు, నిజమే. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 శ్రేణి చవక స్టీలు కూడా అతుక్కోదు. అతుక్కునే 430 రకంలో నికెల్ లేకపోయినా అదీ స్టెయిన్‌లెస్ స్టీలే. అయస్కాంతంతో మంచిదేదో చవకదేదో తేలదు. ఒకే కొలత తపేలాలు రెండు తీసుకుని త్రాసులో పెట్టమనండి. గేజీ ఎంతని అడగండి. అంకె తగ్గేకొద్దీ రేకు మందం, 22 గేజీ రేకు 26 గేజీ రేకు కన్నా దళసరి. ఇది తెలియక పెద్ద అంకె మంచిదనుకుని పలచటి గిన్నెలు తెచ్చుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. వంటింటి స్టీలు పాత్రలకి ఐఎస్ఐ గుర్తు ఉండాలని 2024 మార్చిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, దాని గురించీ అడగండి. ర్యాకు ముందు నిలబడి ఈ ప్రశ్నలు ఎవరిని అడుగుతారు?

గిన్నె కొన్నాక పేరు కొట్టించండి. ఈ సలహాకి చిన్నవాళ్లు మొహం చిట్లిస్తారు, అయినా కొట్టించండి. చిన్న మోటారు సూదితో కొట్టువాళ్లే పేరూ తేదీ చెక్కి ఇస్తారు. మా అమ్మ పెళ్లి చదివింపుల్లో వచ్చిన పాలగిన్నె అంచున ఇచ్చినావిడ ఇంటిపేరు, తేదీ ఉన్నాయి. ఆవిడ పోయి చాలా కాలమైంది, ఆ ఇంటివాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో మాకు తెలీదు. రోజూ పొద్దున్నే పాలు కాచేటప్పుడు ఆ పేరు మాత్రం కనిపిస్తుంది. పేరున్న గిన్నె శుభకార్యాల్లో తారుమారు కాదు, చెత్తబుట్టలోకీ తొందరగా పోదు. మూడు కొంటే ఒకటి ఉచితమని తెచ్చుకున్న గిన్నె మీద ఎవరూ పేరు కొట్టించరు.

ధర సంగతి. "యాభై శాతం తగ్గింపు" అన్న ఎర్ర అక్షరాలకి పడిపోకండి. ఎమ్మార్పీకి మించి అమ్మకూడదని చట్టం ఉంది. ఆ ఎమ్మార్పీ ఎంత ఉండాలో మాత్రం మామూలు ఇంటి సామాను విషయంలో తయారీదారుడే నిర్ణయించి ముద్రిస్తాడు. ఎక్కువ అంకె వేసి అందులో సగం కొట్టేస్తే తగ్గింపు అవుతుంది. ఇంకో సంగతి కూడా చూడండి. పెద్ద దుకాణాలకి పప్పూ ఉప్పుల మీద మిగిలేదానికన్నా సామాన్లూ బట్టల మీద మిగిలేది ఎక్కువ. డీమార్ట్ వంటి సంస్థలు తమ వాటాదారులకి ఈ మాట దాచకుండానే చెప్తాయి. అందుకే పప్పు కోసం వెళ్లిన మనం ప్లాస్టిక్ డబ్బాల వరసలు దాటుకుంటూ తిరగాల్సి వస్తుంది. పప్పు దగ్గర మిగిలిన ముప్ఫై రూపాయలూ, కొనాలని అనుకోని బుట్ట దగ్గర పోతాయి.

చిన్న కొట్లో "తక్కువలో చూపించండి" అనకండి. "పదేళ్లొచ్చేది చూపించండి" అనండి. మొదటి మాట అంటే పై వరసలో ఉన్నది తీసిస్తారు, రెండో మాట అంటే స్టూలు తెచ్చుకుని వెనక గదిలో ఉన్నది తెస్తారు. ఏది కొనకూడదో కూడా అడగండి. బకెట్టు అడిగితే మా కొట్టు బాబాయిగారు ముదురు రంగువి పక్కకి తోసేస్తారు. పాత ప్లాస్టిక్ కరిగించి పోసినదాన్ని ముదురు రంగులో దాచడం తేలికట. మూత తీసిన డబ్బాలో ముక్కు పెట్టి చూడమంటారు, ఘాటు వాసన వస్తే వద్దంటారు. అమ్మేవాడు తన కొట్లో సరుకునే వద్దనడం నేను ఇంకెక్కడా చూడలేదు.

చీపురు విషయం చెప్పకపోతే నాకు తోచదు. కొండచీపురు మనకి ఊరికే రాదు. తూర్పు కనుమల్లో, పాడేరు, రంపచోడవరం వైపు కొండల్లో గిరిజన కుటుంబాలు ఆ గడ్డి కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి దింపుతాయి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ కూడా వాళ్ల దగ్గర కొండచీపుళ్లు కొంటుంది. ప్లాస్టిక్ పిడి తొడిగిన చీపురు చూడ్డానికి బొద్దుగా ఉంటుంది, పిడి లోపల గడ్డి ఎంతుందో కనపడదు. తీగతో కట్టిన చీపురు తీసుకోండి. కట్టు దగ్గర గుప్పిట్లో పట్టి నొక్కండి, గడ్డి ఒక్కో పోచా లాగి చూడండి, తెచ్చాక గోడకేసి పొట్టు దులపండి. కట్టు వదులైతే ఇంట్లోనే ఇంకో చుట్టు తీగ చుట్టొచ్చు. పిడి పగిలిన చీపురుని ఏం చేస్తారు?

ఇత్తడి మీద మోజు మళ్లీ పెరిగింది, సంతోషం. పెరవలి మండలం అజ్జరంలో ఇప్పటికీ బిందెలూ గంగాళాలూ చేస్తున్నారు. ఇత్తడి తూకానికి కొనండి. పాత ఇత్తడి తీసుకుని తూకం కట్టి కొత్తదాంట్లో తగ్గించే కొట్టుకే వెళ్లండి. వంటకి అయితే లోపల కళాయి ఉందో లేదో చూసుకోండి, కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు పెడితే చిలుమెక్కుతుంది.

ఇప్పుడు అసలు తిరకాసు సలహా. ఖాతా పెట్టండి, అప్పు ఖాతా కాదు. ఐదొందలో వెయ్యో ముందే ఇచ్చి, కావలసినప్పుడల్లా వస్తువు తెచ్చుకుంటూ పద్దు రాయించుకోండి. పాత పుస్తకాల్లో అందరూ కొట్టుకి బాకీ ఉండేవాళ్లు, మీరు కొట్టు మీకు బాకీ ఉండేలా చూడండి. చిన్న కొట్టుకి గిరాకీ లేక కన్నా చేతిలో పెట్టుబడి లేక దెబ్బ ఎక్కువ. టోకు వ్యాపారి దగ్గర డబ్బు కట్టి తెచ్చుకుంటేనే నాలుగు రకాలు పెట్టగలరు, అరువుకి తెస్తే ఆయన అంటగట్టింది తేవాలి. వీధిలో పదిమంది తలా వెయ్యి ముందిస్తే పదివేలు, దాంతో ఒక వరస స్టీలు సామాను దిగుతుంది. నా డబ్బు మునిగితే? వెయ్యి రూపాయలు మునుగుతాయి. కొట్టు బాబాయిగారి ఇల్లు ఎక్కడో నాకు తెలుసు, మా ఇల్లు ఆయనకి తెలుసు.

పెద్దవాళ్లు నిలుస్తారు, చిన్నవాళ్లు పోతారని అంటూ ఉంటారు. బిగ్ బజార్ దేశంలో తొలి దుకాణాలు తెరిచిన 2001లోనే హైదరాబాదులోనూ తెరిచింది. పాత సామాను తెస్తే కొత్తదాంట్లో తగ్గిస్తామంటే జనం వరసలు కట్టారు. 2022కల్లా ఆ పేరే దుకాణాల మీద నుంచి తొలగిపోవడం మొదలైంది, మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. త్రినేత్ర సూపర్ మార్కెట్లు కూడా అంతే, 2007 నాటికి చేతులు మారి, తర్వాత మోర్ అయ్యాయి. అక్కడ కొన్న వస్తువు కాడ ఊడితే అడగడానికి ఆ బోర్డు ఉండాలి కదా. కోటగుమ్మం కొట్టు బోర్డు మీద రంగు వెలిసింది, పేరు మారలేదు.

చిన్న కొట్టు లోపాలు నాకు తెలియనివి కావు. పెట్టెల మీద దుమ్ము ఉంటుంది, తుడిచి తయారీ నెల చూసుకోండి. ఉక్కపోత ఉంటుంది. మనిషిని బట్టి ధర చెప్పే కొట్లూ ఉన్నాయి, అలాంటి కొట్టుకి రెండోసారి వెళ్లకండి, వీధిలో ఇంకోటి ఉంటుంది. మిక్సీలాంటివి కొంటే బిల్లూ, వారంటీ కార్డు మీద ముద్రా వేయించుకోకుండా రాకండి. బాబాయిగారి కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, కొట్టు చూసుకోవడానికి రాడు. మనం వెళ్లినన్నాళ్లే ఆ షట్టరు లేస్తుంది. ఈ మాట రాస్తుంటే నాకు బాధగా ఉంది.

ఈ వారమే వెళ్లండి. అటక మీద ఆగిపోయినవాటిలో ఒక్కటి, మూతో గాస్కెట్టో కాడో, సంచీలో వేసుకుని వెళ్లండి. కొత్తది అడిగే ముందు పాతది బల్ల మీద పెట్టండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా కొట్టు మూసి ఉంటుంది, భోజనానికి ఇంటికెళ్తారు.