యాభై రూపాయల చదువు

నిజామాబాద్‌లో పోరగాణ్ణి మగాణ్ణి చేసే చదువుకు ట్యూషన్ ఫీజు లేదు. దీపావళి నాడు గల్లీలో కుక్క తోకకు టపాకాయల లడీ కట్టి అంటిస్తే మొదటి పాఠం పూర్తి. అది కుయ్యోమంటూ ఆటో కిందికి దూరితే అరుగుల మీది పెద్దలు పడీపడీ నవ్వుతారు. ‘మా పోరడు శాన హుషారే’ అని సర్టిఫికెట్ కూడా అక్కడే ఇచ్చేస్తారు.

రెండో పాఠం బోధన్ దిక్కు, చెరకు బండి కాడ. మిట్ట మీద ఎద్దు మోకాళ్ల మీద పడితే తాత ముల్లుగర్ర మనవడి చేతికిస్తాడు. ‘తోక కింద పొడువు బిడ్డా, అప్పుడు లేస్తది.’ మేకు దిగినచోట పాత పుండు మళ్లీ ఎర్రబడుతుంది. ఇలాంటి ముల్లుగర్రను 1965 నిబంధనలే నిషేధించాయి. అక్కడి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గానీ ముల్లుగర్రకు మాత్రం ఎన్నడూ లాకౌట్ లేదు.

పట్టుబడితే ఎట్లా అని కన్నవాళ్లు బెంగపడనక్కర్లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఉల్లిగడ్డ ధర ఎన్నిసార్లు ఎగబాకినా ఇది కదల్లేదు. చంపితే అయిదేళ్ల దాకా జైలని న్యాయ సంహిత 325వ సెక్షన్ అంటుంది. ముందు ఠాణాలో ఫిర్యాదు రాసుకోవాలి కదా!

ఈ చదువు ఎక్కడిదాకా పోతుందో 1751లోనే లండన్‌లో చిత్రకారుడు హోగార్త్ బొమ్మలు చెక్కి చూపాడు: కుక్కను హింసించిన పిల్లాడు పెద్దయి గుర్రాన్ని బాదాడు, చివరికి ఆడమనిషిని చంపాడు. అమెరికా ఎఫ్‌బీఐ 2016 నుంచి జంతుహింసను విడిగా లెక్క రాస్తోంది. అదే ఏడాది హైదరాబాద్ ముషీరాబాద్‌లో మన కుర్రాళ్లు కుక్కపిల్లలను మంటల్లో వేసి వీడియో తీసుకున్నారు.

తొండకు రాయి విసిరిన ప్రతివాడూ హంతకుడవుతాడని కాదు, అది పిచ్చిమాట. అయితే మూగజీవి అరుపు విని మళ్లీ మళ్లీ మురిసిపోయే పిల్లాడి ఇంట్లో, చాలాసార్లు, ఎవరి చేతిలోనో బెల్టు ఉంటుంది. ఆ తలుపు తట్టడానికి మనకు మొహమాటం. వాళ్లింటి సంగతి మనకెందుకట!

పై చదువుల ముచ్చటా చూశాం. మొన్న 2026 జనవరిలో, ఒకప్పటి మన జిల్లా ముక్కే అయిన కామారెడ్డి పల్లెల్లో, పంచాయతీ ఎన్నికల హామీ కోసం కుక్కలను వందల్లో చంపించారంటూ సర్పంచుల మీద కేసులు పడ్డాయి. ఆరోపణ నిజమే అయితే, మురికికాలువ, సీసీ రోడ్డు, బోరింగు అన్నీ వరుసలో ఉండగా గెలిచిన నెల తిరిగేసరికి నెరవేరిన హామీ ఇదొక్కటే.