గోడకీ టీవీకీ నడుమ

నేను టీవీ స్టాండుని. బల్ల మీద నిలబెట్టే రకం కాదు, గోడకి బిగించే రకం. గోడవైపు ఒక పలక, టీవీ వీపుకి ఇంకో పలక, రెంటికీ నడుమ మోచెయ్యిలా మడతపడే ఇనుప చెయ్యి. నా ఒళ్లంతా అంతే. చెయ్యి ముడిస్తే టీవీ గోడకి అతుక్కున్నట్టుంటుంది. చాస్తే మూరెడు ముందుకి వస్తుంది.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఇనుప రేకుని కోశారు, వంచారు, నల్లటి రంగుపొడి చల్లి బట్టీలో కాల్చారు. నా ముందు పలక మీదున్న బెజ్జాలు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టినవి కావు. వాటికి ‘వెసా’ అని ఒక కొలత ఉంది. టీవీ వెనక ఉండే నాలుగు స్క్రూ బెజ్జాల మధ్య దూరం మిల్లీమీటర్లలో ఎంతుండాలో ఆ లెక్క చెబుతుంది. 100కి 100, 200కి 200, 400కి 400, అలా. టీవీ ఒక కంపెనీది, స్టాండు ఇంకో కంపెనీది అయినా రెండూ కలిసేది ఈ కొలత వల్లే. నాది 200కి 200.

2013లో రాజమండ్రిలో ఒక ఇనుప సామాన్ల కొట్టు నుంచి నన్ను ఇంటికి తెచ్చారు. కొత్తగా కొన్న 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ హాల్లో అట్టపెట్టెలో ఉంది. మూలన చెక్క స్టాండు మీద పాత 21 అంగుళాల టీవీ, దాని నెత్తిన కుట్టుపని చేసిన గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు. ఇరవై కిలోల పైచిలుకు బరువు దానిది. లోపల గాజు గొట్టం వెనక నుంచి ముందు తెర మీదికి ఎలక్ట్రాన్లు చిమ్మాలి కాబట్టి దానికి అంత పొడుగాటి వీపు తప్పదు. అంత వీపున్నదాన్ని గోడకి తగిలించడం ఎవరి తరం? కొత్తదానికి ఆ గొట్టమే లేదు. తెర, దాని వెనక దీపాలు, అంతే. బరువు అయిదు కిలోలు. గోడ మీదికి టీవీ ఎక్కిందీ, నాలాంటి వాళ్ల అవసరం పుట్టిందీ అందుకే.

ఆ ఇంటి తాతయ్య తాపీ మేస్త్రి. ఆ ఇల్లు ఆయన తన చేత్తో కట్టుకున్నదే. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, గోదావరి ఇసుక. కొట్టు నుంచి వచ్చిన కుర్రాడు డ్రిల్లింగు మిషను తీసి, తన నెత్తికంటే జానెడు ఎత్తున పెన్సిలు గీత పెట్టాడు.

“అందరూ ఇక్కడే పెట్టించుకుంటారండి. పిల్లలకి అందదు.”

“కాస్త ఆగు బాబూ” అన్నాడు తాతయ్య. వంటింటి వైపు తిరిగి, “ఏమేవ్, ఓసారి ఇలా వచ్చి కూర్చో” అని పిలిచాడు.

నాయనమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. తాతయ్య గోడ మీద వేలు పెట్టాడు. “తిన్నగా చూడు. మెడ ఎత్తకు. నీ చూపు ఎక్కడ తగులుతోంది?” ఆవిడ చెబుతుంటే వేలు కిందికి జరుగుతూ వచ్చింది. “ఇంకా కిందికి... ఇంకొంచెం... ఆఁ, అక్కడ.” టేపు పెట్టి చూస్తే నేల నుంచి 40 అంగుళాలు. “టీవీ నడుము ఇక్కడికి రావాలి బాబూ” అని ఆయన గుర్తు పెట్టాడు.

అంతటితో వదల్లేదు. పక్కనున్న స్విచ్చి బోర్డు చూపించి, “దీని నెత్తి మీదుగా కరెంటు పైపు తిన్నగా స్లాబులోకి పోతుంది. ఆ దారిలో బెజ్జం పెట్టకు, జానెడు ఇటు జరుగు” అన్నాడు. గోడ లోపల ఏముందో కట్టినవాడికి తెలుస్తుంది. అద్దె ఇంట్లో ఉండేవాడికి తెలియదు కాబట్టే స్విచ్చి బోర్డుకి సరిగ్గా పైనా కిందా పక్కనా డ్రిల్లు పెట్టకూడదంటారు.

డ్రిల్లు తిరగడం మొదలవగానే తాతయ్య కింద కాగితం మడిచి పట్టుకున్నాడు. మొదట బూడిదరంగు పొడి రాలింది. అది ప్లాస్టరింగు, అరంగుళం మందం. అది దాటాక ఎర్రపొడి రావాలి. మొదటి బెజ్జంలో రాలేదు, బూడిదరంగే వస్తూ ఉంది. “ఆపు. రెండిటుకల సందులో పడ్డావ్. సందులో ప్లగ్గు పట్టు నిలవదు. పలక మొత్తం అంగుళం పైకి జరుపు” అన్నాడు. అంగుళం పైకి జరిపితే ఎర్రటి పొడి, నున్నగా కుంకుమలా కాగితం మీద కుప్ప పడింది. ఆ పొడిని చూసిన తాతయ్య మొహం నాకు ఇప్పటికీ గుర్తే. ముప్పై ఏళ్ల కిందట తను పేర్చిన ఇటుక గట్టిగా ఉందని అది ఆయనకి కబురు తెచ్చింది.

బెజ్జాల్లో మిగిలిన పొడిని సైకిలు పంపుతో ఊదించాడు. పొడి ఉండిపోతే ప్లాస్టిక్ ప్లగ్గు ఇటుకని పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది. ప్లగ్గులు దూర్చి, నా పలక ఆనించి, పెట్టెలోంచి తన పాత రసమట్టం తీసి నా నెత్తిన పెట్టాడు. బుడగ రెండు గీతల నడుమ నిలిచాకే బోల్టులు బిగించనిచ్చాడు. బోల్టు లోపలికి వెళ్లేకొద్దీ ప్లగ్గు ఉబ్బి ఇటుకని అదిమింది. నేను గోడలో భాగమైపోయానని నాకు అప్పుడు తెలిసింది.

టీవీ తగిలించాక కొడుకు సరదాగా నన్ను ముందుకీ వెనక్కీ లాగుతుంటే తాతయ్య వారించాడు. “కడవ చంకలో ఉంటే బరువు తెలియదు. అదే కడవని చెయ్యి చాచి పట్టుకో, తెలుస్తుంది. చూడటం అయిపోగానే చెయ్యి ముడిచెయ్యండి” అన్నాడు. అంతవరకూ నా గురించి అంత సరిగ్గా చెప్పింది ఆయనొక్కడే. అయిదు కిలోల టీవీని నేను గోడకి 40 సెంటీమీటర్ల దూరాన పట్టుకున్నాననుకోండి. నా పై బోల్టులకీ కింది బోల్టులకీ మధ్య 15 సెంటీమీటర్లుంటే, పై బోల్టుల్ని గోడలోంచి బయటికి లాగే బలం 13 కిలోలు దాటుతుంది. చెయ్యి ముడిస్తే అందులో నాలుగో వంతు కూడా ఉండదు.

ఆ గోడ మీద ఆరేళ్లున్నాను. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు వచ్చాయి. పన్నెండు రోజులు ఊరంతా జనం. మోకాళ్ల నొప్పితో నాయనమ్మ రేవు దాకా నడవలేకపోయింది. తాతయ్య తెల్లవారుజామున వెళ్లి చెంబుతో గోదావరి నీళ్లు తెచ్చాడు. ఆవిడ అదే కుర్చీలో కూర్చుని, టీవీలో రేవుల్ని చూస్తూ, ఆ నీళ్లు నెత్తిన చల్లుకుని దణ్ణం పెట్టుకుంది. ఆ దణ్ణం గోదావరికే. కానీ ఆ గోదావరిని ఆవిడ కళ్ల ఎదుట, మెడ ఎత్తక్కర్లేకుండా, ఒక వెంట్రుకవాసి కూడా కుంగకుండా పట్టుకుని నిలబడ్డది నేను. నా బతుకులో గొప్ప అని చెప్పుకోవాలంటే ఆ పొద్దే.

2017లో తాతయ్య పోయాడు. రెండేళ్లకి కొడుక్కి హైదరాబాదు బదిలీ అయింది. నన్ను విప్పిన రోజు నాలుగు ప్లగ్గుల్లో మూడు గోడని వదిలి రాలేదు. ఒకటి మాత్రం బోల్టుని పట్టుకుని, గాళ్లనిండా ఎర్రపొడితో బయటికొచ్చింది. నాయనమ్మ బోల్టుల్నీ దాన్నీ ఒక కవర్లో వేసి రబ్బరుబ్యాండు చుట్టింది.

హైదరాబాదులో అద్దె ఫ్లాటు. గోడకి మేకు కొట్టకూడదని ఇంటి ఓనరు ముందే చెప్పాడు. తాతయ్య ఫొటో ఫ్రిజ్జు మీద పెట్టారు. టీవీకి మాత్రం ఒక్కచోట, నాలుగు బెజ్జాలకి ఒప్పుకున్నాడు.

ఆ గోడ ఇటుకది కాదు. తెల్లటి లైట్‌వెయిట్ బ్లాకులది. సిమెంటు, సున్నం, బూడిద కలిపి, అల్యూమినియం పొడితో గాలిబుడగలు పుట్టించి చేస్తారు వాటిని. అంతే పరిమాణం ఉన్న ఇటుక బరువులో మూడో వంతు తూగుతాయి. వాటిలో తప్పేమీ లేదు. ఎత్తయిన కట్టడాలకి అవి మేలు. కాకపోతే వాటిని పట్టుకోవడానికి వేరే పొడుగాటి యాంకర్లు కావాలి. డ్రిల్లుని దెబ్బలు కొట్టనీకుండా, తిరగనిచ్చి మెల్లగా బెజ్జం పెట్టాలి. బిగించడానికి వచ్చిన అబ్బాయికి ఆ సాయంత్రం ఇంకా నాలుగిళ్లున్నాయి. ఇటుకకి పెట్టినట్టే దెబ్బల మీద పెట్టేశాడు. తెల్లటి పొడి పిండిలా రాలింది. బెజ్జం వెడల్పయిపోయి ప్లగ్గు దానంతటదే జారిపోతుంటే, అగ్గిపుల్లలు విరిచి సందులో కుక్కాడు. కొత్త ప్లగ్గులు మూడే మిగిలాయని నాలుగోదాని కోసం కవరు విప్పి, రాజమండ్రి ప్లగ్గు తీసి కొట్టాడు. బోల్టు తిప్పుతుంటే బిగియడం లేదు, ఊరికే తిరుగుతోంది. నాకు తెలుస్తోంది. అతనికీ తెలిసింది.

“గట్టిగానే ఉందా తమ్ముడూ?” అని కొడుకు అడిగాడు.

“ఏం కాదు అన్నా, ఉంటది.”

ఎత్తు సంగతి ఎవరూ అడగలేదు. సోఫా వెనక నిలబడ్డవాడికి కనపడేంత ఎత్తున పెట్టారు. నాయనమ్మకి సోఫా అలవాటు లేదు, కింద చాప మీద కూర్చునేది. తల ఎత్తి చూసి చూసి మెడ పట్టేసేది. కొన్నాళ్లకి చూడటం మానేసి, గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టింది. నేను మోస్తున్నది ఆవిడకి పనికిరాకుండా పోయింది.

వంటింట్లోకి కనపడాలని నా చెయ్యి ఎప్పుడూ చాచే ఉంచేవాళ్లు. ముడిచినవాళ్లు లేరు. నెలలు గడిచాయి. నా పై బోల్టులు రోజుకి ఇంతని చెప్పలేనంత మెల్లగా బయటికి వస్తున్నాయి. పలకకీ గోడకీ మధ్య ముందు వెంట్రుక దూరేంత సందు, తరవాత కాగితం దూరేంత. పలక పైన రంగు మీద ఒక బీట పడింది. ప్రతి ఉదయం నా కింద నేల మీద చిటికెడు తెల్లపొడి రాలేది. కోడలు చీపురుతో ఊడ్చేసేది. మర్నాడు మళ్లీ చిటికెడు. నేను అరవలేను. ఆ పొడే నా అరుపు.

దాన్ని విన్నది నాయనమ్మ ఒక్కతే. ఒక పొద్దున వేలితో ఆ పొడి అద్ది చూసి, “ఒరేయ్, గోడ రాలుతోందిరా. స్టాండు వదిలేస్తోంది. ఎవర్నయినా పిలిచి చూపించు” అంది. యాభై ఏళ్లు మేస్త్రి ఇంట్లో బతికిన మనిషి మాట అది. “ఫ్యాను దుమ్మమ్మా” అన్నాడు కొడుకు, ఫోనులోంచి తల ఎత్తకుండా.

2021 ఫిబ్రవరి, ఒక ఆదివారం మధ్యాహ్నం. మనవడు నా కిందే కూర్చుని బొమ్మ కార్లు నడుపుతున్నాడు. పెరుగన్నం పెట్టానని నాయనమ్మ పిలిస్తే లేచి వెళ్లాడు. వాడు రెండో ముద్ద తింటుండగా నా పై బోల్టులు రెండూ ఒక్కసారే వదిలేశాయి. అగ్గిపుల్లలు ముందు, వాటి వెనక గోడ పెచ్చు, ఆ తరవాత నేనూ టీవీ. తెర మొహం నేలకి కొట్టుకుంది. నా పలక అంచు ఒక బొమ్మ కారుని నుజ్జు చేసింది. తినే కంచం వదిలి పరిగెత్తుకొచ్చిన కోడలు ముందు పిల్లాణ్ణి ఒళ్లోకి లాక్కుని తడిమి చూసింది. తరవాత ఆ కారుని చూసి అక్కడే కూలబడింది. వాడికి ఏమీ కాలేదు. ఆ కారు స్థానంలో ఏముండేదో తలుచుకుంటే ఇనుముని, నాకే వణుకు.

సాయంత్రం వచ్చి చూసిన వాళ్లందరూ ఒక్కమాటే అన్నారు. “పాత స్టాండు కదా, అందుకే ఊడింది.” నా చెయ్యి వంగలేదు. నా వెల్డింగు వీడలేదు. నా పలక చెక్కుచెదరలేదు. గోడలోంచి ఊడింది బోల్టులు. అయినా తప్పు నా మీదే రాశారు. గోడ పెచ్చుకి ఓనరు అడ్వాన్సులో పట్టుకున్న డబ్బు కూడా నా ఖాతాలోనే వేశారు.

నన్ను బాల్కనీలో ఖాళీ గ్యాసు సిలిండరు పక్కన పడేశారు. వానకి తడిశాను, వెల్డింగు దగ్గర తుప్పు మొదలైంది. నెల తరవాత 43 అంగుళాల టీవీ వచ్చింది. దాని వీపు మీది బెజ్జాలు కూడా 200కి 200. నాకు సరిగ్గా సరిపోయేవి. ఎవరూ కొలవలేదు. పెట్టెతో పాటు కొత్త స్టాండు వచ్చింది కదా.

ఈసారి వచ్చినాయన వయసులో పెద్దవాడు. వేలి కణుపుతో గోడ కొట్టి విని, బ్లాకు గోడని గుర్తుపట్టి, సంచిలోంచి పొడుగాటి యాంకర్లు తీశాడు. ఎత్తు ఎంతని అడిగాడు. బాల్కనీ అద్దం తలుపు వెనక నుంచి నాకు అంతా కనపడుతోంది. నాయనమ్మ లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తనే లాక్కొచ్చి గోడకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. మెడ ఎత్తకుండా తిన్నగా చూసి, “బాబూ, నా చూపు ఇదిగో ఇక్కడ తగులుతోంది. టీవీ నడుము ఇక్కడికి రావాలి” అంది. కొడుకు ఒక్క క్షణం ఆవిడ వైపే చూసి, పెన్సిలు అందుకుని వెళ్లి అక్కడ గీత పెట్టాడు.

ఉగాదికి ఇల్లు దులిపినప్పుడు నన్ను పాత సామాన్ల బండికి వేశారు. అతను తక్కెడ కూడా తియ్యలేదు, చేత్తోనే ఊపి చూసి విరిగిన బకెట్ల మీదికి విసిరాడు. నా పలక బెజ్జంలో ఒక బోల్టు ఇంకా ఇరుక్కునే ఉంది, దాని చివర ఆ పాత ప్లగ్గు. విసిరిన ఊపుకి దాని మీది తెల్లపొడి రాలిపోయింది. గాళ్ల అడుగున ఎర్రపొడి అలాగే ఉంది.