ఇరవై నిమిషాల అమృత్‌సర్

తెల్లవారుజామున స్వర్ణమందిరం. ఆ తర్వాత కుల్చా, లస్సీ. జలియన్‌వాలా బాగ్‌కి ఇరవై నిమిషాలు. ఫుల్కారీ దుపట్టాలు, జుత్తీలు, వడియాల కొట్లకి రెండు గంటలు. మూడింటికల్లా వాఘా చేరి గ్యాలరీలో సీట్లు పట్టుకోవాలి కనుక మధ్యాహ్న భోజనం బస్సులోనే. వైష్ణోదేవి దర్శనానికని హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయల్దేరిన తెలుగు కుటుంబానికి దారిలో అమృత్‌సర్ చూపించే పద్ధతి ఇంచుమించు ఇదే.

ఇరవై నిమిషాలు తక్కువేం కాదని టూర్ మేనేజర్ వాదన. నిజమే. 1919 ఏప్రిల్ 13 సాయంత్రం జనరల్ డయ్యర్ వచ్చిన పని పది నిమిషాల్లో ముగించుకుని వెళ్ళాడు. ఆ లెక్కన మనవాళ్ళకి రెట్టింపు టైము.

డయ్యర్ వెంట తొంభై మంది సిపాయిలు, వాళ్ళలో యాభై మంది చేతుల్లో తుపాకులు. పేలిన తూటాలు 1650. మెషిన్‌గన్లు బిగించిన రెండు సాయుధ వాహనాలు కూడా తెచ్చాడుగానీ సందు ఇరుకై అవి లోపలికి పట్టలేదు. పట్టి ఉంటే బహుశా వాటితోనే కాల్పించేవాణ్ణని, తర్వాత విచారణ జరిపిన హంటర్ కమిటీ ముందు దాపరికం లేకుండా చెప్పాడు. అంటే ఆ సందు ఇరుకు కావడం వల్ల కొన్ని ప్రాణాలైనా దక్కాయి. అది ఇరుకు కావడం వల్లే మరెందరో బయటపడే దారి లేక పోయారు. ఆ పూట కథలో సగం ఈ గోడల మధ్యే ఉంది.

ఆ గోడలకి 2021లో ముస్తాబు జరిగింది. బైశాఖి పండక్కి నవ్వుతూ వస్తున్న జనం బొమ్మలు వరసగా వెలిశాయి. కాళ్ళ కింద నున్నటి నేల, తలవైపు దీపాలు. చూసేవాళ్ళు ఉక్కిరిబిక్కిరి కాకుండా తీసుకున్న శ్రద్ధ మెచ్చుకోదగ్గదే. 1919లో వచ్చినవాళ్ళకి ఈ సౌకర్యం లేకపోయింది. ఈ హత్యాకాండ మీద పుస్తకం రాసిన చరిత్రకారుడు కిమ్ వాగ్నర్ లాంటివాళ్ళు నాటి ఆనవాళ్ళన్నీ తుడిచిపెట్టేశారని మొత్తుకున్నారు. మొత్తుకున్నది చరిత్రకారులు, ముస్తాబు చేసింది సర్కారు. ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పాలా? ప్రాణభయంతో జనం దూకిన బావికి అద్దాల తొడుగు వేశారు. సాయంత్రమైతే సౌండ్ అండ్ లైట్ షో. గోడల మీది తూటా గుర్తుల చుట్టూ తెల్లటి చదరాలు గీసి ఉంటాయి. సెల్ఫీ తీసుకునేవాడికి ఫ్రేమ్ వెతుక్కునే శ్రమ కూడా లేదు.

ఈ ఇరవై నిమిషాల్లో రతన్ దేవి ఎక్కడా తగలదు. ఎనిమిదింటికి కర్ఫ్యూ మొదలవడంతో భర్త శవాన్ని ఇంటికి మోసేవాళ్ళు దొరక్క, వెదురు కర్ర చేతబట్టుకుని కుక్కల్ని అదిలిస్తూ తెల్లవార్లూ ఈ మైదానంలోనే కూర్చున్న ఇల్లాలు ఆవిడ. కాంగ్రెస్ విచారణలో ఆవిడ వాంగ్మూలం ఉంది. గాయపడ్డవాళ్ళని చూడటం నా పని కాదు, ఆసుపత్రులు తెరిచే ఉన్నాయిగా అన్న డయ్యర్ సమాధానం హంటర్ కమిటీ రికార్డుల్లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవడానికి ఇరవై నిమిషాలు సరిగ్గా సరిపోయేవి.

అయినా మనవాళ్ళని ఒక్కళ్ళనే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఈ హడావుడి యాత్రలో అసలు ఆరితేరినవాళ్ళు బ్రిటన్ పెద్దలు. 1997 అక్టోబరులో ఎలిజబెత్ రాణి వచ్చి, బూట్లు విప్పి, పుష్పగుచ్ఛం ఉంచి, కొన్ని క్షణాలు మౌనం పాటించింది. క్షమాపణ ఊసు లేదు. పక్కనే ఉన్న ఫిలిప్ రాజావారు అంతకన్నా చురుకు. రెండువేల మంది అమరులని ఫలకం మీద ఉన్నది చూసి, ఇది కాస్త ఎక్కువ చేసి చెప్పడమేనని తేల్చారు. ఆధారం? నౌకాదళంలో ఉన్నప్పుడు డయ్యర్ కొడుకు చెప్పాడట! సర్కారీ లెక్క 379. కాంగ్రెస్ లెక్క సుమారు వెయ్యి. ఇన్ని లెక్కలుండగా హంతకుడి ఇంటికెళ్ళి వాకబు చేసిన మొదటి పరిశోధకుడు ఆయనే కావచ్చు.

2013 ఫిబ్రవరిలో డేవిడ్ కామెరాన్ వంతు. వ్యాపారుల దండుని వెంటబెట్టుకుని వచ్చిన ప్రధాని, తిరుగు ప్రయాణానికి ముందు ఇక్కడ ఆగి సందర్శకుల పుస్తకంలో ఇది చాలా సిగ్గుపడాల్సిన సంఘటన అని రాశాడు. దాన్ని ఘోరమన్న ఘనత చర్చిల్‌కి కట్టబెట్టాడు. క్షమాపణ ఏదంటే, అది తాను పుట్టడానికి నలభై ఏళ్ళ ముందు మాట అన్నాడు. పుట్టకముందువి తనకి సంబంధం లేకపోతే చర్చిల్ మాట మాత్రం ఎందుకు అరువు తెచ్చుకున్నట్టో! 2019లో, నూరేళ్ళు నిండే ముందు, థెరిసా మే పార్లమెంటులో గాఢమైన విచారం ప్రకటించింది. అది కూడా సారీ దాకా సాగలేదు. అదే ఏడాది వచ్చిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ ఒక్కడే నేల మీద సాష్టాంగపడ్డాడు. పడి లేచి, ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం తనకి లేదన్నాడు. పాపం, అధికారం ఉన్నవాళ్ళెవరికీ నడుం వంగలేదు. 1920లో మాత్రం ఆ దేశానికి ఇంత మొహమాటం లేదు. మార్నింగ్ పోస్ట్ పత్రిక చందాలకి పిలుపిస్తే డయ్యర్ కోసం 26 వేల పౌండ్లకి పైగా పోగయ్యాయి.

సాష్టాంగం అంటే గుర్తొచ్చింది. బాగ్ నుంచి కాలినడకన వెళ్ళగలిగే దూరంలోనే కూచా కౌరియాంవాలా అనే సందు ఉంది. 1919 ఏప్రిల్ 10న అక్కడ ఒక మిషనరీ మహిళ మీద దాడి జరిగిందని, 19 నుంచి ఆ సందులో వెళ్ళే భారతీయులంతా పొట్ట మీద పాకాలని డయ్యర్ హుకుం జారీచేశాడు. అక్కడే కాపురముంటున్నవాళ్ళు కూడా పాలకో మందుకో పాకుతూ వెళ్ళాల్సిందే. టూర్ ప్రోగ్రాంలో ఈ సందు లేదు. అక్కడ కుల్చా దొరకదు మరి.

1984 అంతకన్నా లేదు. స్వర్ణమందిరం ప్రదక్షిణలో అకాల్ తఖ్త్‌ని చూపించే గైడు, అది ఆ జూన్‌లో సైన్యం టాంకుల దెబ్బకి కూలిన సంగతి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి లంగర్‌లో రోజుకి ఎన్ని రొట్టెలు కాలుస్తారో మొదలుపెడతాడు. రొట్టెల మీద ఎవరికీ అభిప్రాయ భేదం ఉండదు.

బాగ్‌కి దగ్గరలోనే, టౌన్‌హాల్ భవనంలో 2017లో విభజన మ్యూజియం తెరిచారు. సరిహద్దు దాటుతూ జనం మోసుకొచ్చిన సామాన్లు, రాసుకున్న ఉత్తరాలు, వాళ్ళ గొంతుల్లోనే రికార్డు చేసిన జ్ఞాపకాలు ఉన్నాయి. తీరిగ్గా చూస్తే రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ వడియాలకి పోయాయి. సోమవారమైతే మ్యూజియానికి సెలవు, మేనేజర్‌కి సంజాయిషీ చెప్పే పని కూడా తప్పుతుంది.

ఇలా విభజన ఎందుకొచ్చిందో, ఎవరిని ఏం చేసిందో చెప్పే భవనాన్ని తప్పించుకున్న బస్సు నేరుగా విభజన గీత దగ్గరకే పరిగెడుతుంది, ఈలలు వేయడానికి. వాఘాలో 1959 నుంచి ఈ జెండా దించే తంతు నడుస్తోంది. నుదుటికి తగిలేలా బూటుకాలు ఎత్తే జవాన్లు, ముంజేతి మీద మువ్వన్నెలు వేయించుకున్న పిల్లలు, పాప్‌కార్న్, మైకులో ఉసిగొల్పే పాట. 2025లో పహల్గాం దాడి తర్వాత గేట్లు మూసే ఉంచి, కరచాలనం మానేసి తంతుని కుదించారు. కేకలు కుదించమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈ గీత గీసిన సిరిల్ రాడ్‌క్లిఫ్‌దీ పొట్టి యాత్రే. అంతకుముందు భారతదేశం మొహం చూడని ఆ లాయరు 1947 జూలై 8న దిగాడు. అయిదు వారాల్లో పంజాబునీ బెంగాలునీ కోసి, కాగితాలు తగలబెట్టి, ఆగస్టులో విమానమెక్కాడు. మళ్ళీ ఇటు తిరిగి చూడలేదు. తిరుగు దారిలో బస్సులో ఆ పేరు ఎత్తేవాళ్ళుండరు. వెంట వచ్చిన వంటాయన రాత్రికి టమాటా పప్పు, గోంగూర పచ్చడి అనగానే, వాఘాలో అరిచి బొంగురుపోయిన గొంతులన్నీ ఒక్కసారిగా జై కొడతాయి.