ఇక్కడ పదకొండు కంప్యూటర్లు క్షేమం

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ కమిషనర్ గారి దివ్యసముఖమునకు,

ఆర్యా,

ఈ నెలాఖరున రిటైరవుతున్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి. విన్నవించుకునేది ఏమంటే, తమరు అప్పగించిన పదకొండు కంప్యూటర్లూ ఇక్కడ క్షేమం. 2013 తర్వాత ఒక్క కీ ఊడలేదు. పిల్లల చెయ్యి తగలకుండా మొన్నమొన్నటిదాకా కంటికి రెప్పలా కాచుకొచ్చాను.

2008లో ఉమ్మడి రాష్ట్రంలోని అయిదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ చదువు వచ్చినప్పుడు, యంత్రాలతోపాటు మా బడికి ప్రైవేటు ఏజెన్సీ తరఫున ఒక కుర్ర మాస్టారు కూడా వచ్చాడు. అయిదేళ్ల ఒప్పందం 2013లో ముగిసింది. యంత్రాలు ఉండిపోయాయి, మాస్టారు వెళ్లిపోయాడు. స్టాకు రిజిస్టరులో మానిటరుకు గడి ఉంది, మాస్టారుకు లేదు కాబట్టి ఆ లోటు ఎవరి లెక్కలోకీ రాలేదు.

కంప్యూటర్ గదికి తాళం ఎందుకు వేశావంటారా? మౌస్ పోతే సంజాయిషీ నేనివ్వాలి. పిల్లవాడికి మౌస్ పట్టుకోవడం రాకపోతే ఎవరికీ మెమో రాదు. పైగా పదో తరగతి పరీక్ష ఆరు సబ్జెక్టులకే. మార్కులు లేనిదానికి మా టైంటేబులులో పీరియడ్ ఉంటుంది గానీ, అందులో లెక్కలు చెబుతారు.

ఏటా కేంద్రం యూడైస్ పేరిట బడుల వివరాలు అడిగినప్పుడు గది తెరిచి, బూజు దులిపి, వెలిగినవాటిని లెక్కపెడతాం. 2023-24లో దేశంలోని 57.2 శాతం బడుల్లో పనిచేసే కంప్యూటర్లు ఉన్నాయని కేంద్రం ప్రకటించింది. ఆ యాభై ఏడులో మేమూ ఉన్నాం. నాలుగు వెలుగుతాయి మరి. 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ అంది. మా ఆరో తరగతి వాళ్లు కిటికీలోంచి చూస్తుంటారు.

కేరళవాళ్ల పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. 2001లోనే ‘ఐటీ ఎట్ స్కూల్’ మొదలుపెట్టి, ఉన్న టీచర్లకే తర్ఫీదిచ్చి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఐటీని ఏకంగా పదో తరగతి పరీక్షలోకి తెచ్చారు. చాలదన్నట్టు 2018 నుంచి ‘లిటిల్ కైట్స్’ పేరిట ల్యాబుల బాగోగుల్లో పిల్లల్నే దింపారు. పిల్లల్ని! వాళ్ల స్టాకు రిజిస్టరు ఏమైపోవాలి?

ఇక అసలు సంగతి. లెక్కల మాస్టారు సెలవు పెట్టిన ఒక ముసురు మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి గది తెరిచాను. ఒకమ్మాయి పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్‌లో పిల్లి చేత గోడ దూకించబోయింది. పిల్లి గోడకు కొట్టుకున్నప్పుడల్లా వెనక్కి వెళ్లి, ఏ మెట్టు దగ్గర తప్పిందో వెతుక్కునేది. నేను చెప్పలేదు, నాకు రాదు గనక. గది తెరుస్తూనే ఉన్నాను; పదిహేను రోజులకు పిల్లి దూకింది. కంప్యూటర్ చదువంటే టైపింగ్ కాదన్నమాట అని అరవై దాటాక నాకు తెలిసొచ్చింది.

ఆ పదిహేను రోజుల్లో మౌస్ ఎడమ బటన్ అరిగి ఊడింది. ఏ పద్దులో రాయాలో తోచలేదు. ‘పోయినవి’, ‘పాడైనవి’ అని ఉన్నాయి; పిల్లల చేతుల్లో అరిగినవాటికి గడి లేదు. నా తర్వాత వచ్చేవారి కోసం ఆ ఒక్క గడీ గీయించండి. టీచరు పోస్టు, మార్కులు కూడా అడుగుదామనుకున్నాను గానీ, పోయే ముందు మరీ గొంతెమ్మ కోరికలెందుకు? మౌస్ ఖరీదు నా గ్రాట్యుటీలో పట్టుకోగలరు.

ఇట్లు
తమ విధేయుడు,
ప్రధానోపాధ్యాయుడు

జతపరచినవి: తాళంచెవి 1, మౌస్ 1 (కుడి బటన్ పనిచేస్తోంది)