ఎర్రర్ల రిజిస్టరు

తెనాలిలో మా అక్కవాళ్ళింట్లో కంప్యూటరు డబ్బాకి ఒక పక్క రేకు ఉండదు. అస్తమానం విప్పడం, బిగించడం ఎందుకని మా బావ దాన్ని ఊడబీకి బీరువా వెనక్కి తోసేశాడు. ముందుగదిలోకి ఎవరొచ్చినా లోపలి ఫ్యాను, వైర్లు, వాటిని అంటిపెట్టుకున్న దుమ్ము దర్శనమిస్తాయి. రేకు ఉన్న పక్కన ఏటేటా ఆయుధపూజకి పెట్టిన బొట్లు పొరలుపొరలుగా ఉంటాయి. తుడవనివ్వడు. మా మేనకోడలు ఇంటర్ చదివేటప్పుడు, 2012లో, కొన్నారు దాన్ని. ఆ పిల్ల ఇంజనీరింగు చేసి, పెళ్ళి చేసుకుని, డాలస్ వెళ్ళి, ఇద్దరు పిల్లల తల్లయింది. సిస్టమ్ మాత్రం ఇంకా అప్‌డేట్ అవుతూనే ఉంది.

మీ చుట్టాల్లోనూ ఇలాంటాయన ఒకరుండే ఉంటారు. కొత్తది కొనకూడదా అన్నామా, 'దీనికేం రోగం?' అంటాడు. దీనికేం రోగమో రాసుకున్న పుస్తకం ఆయన చేతిలోనే ఉంటుంది.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. బావ ఇరిగేషన్ శాఖలో లెక్కలు చూసి రిటైరయ్యాడు. ఆడిట్ అభ్యంతరాలకి జవాబులు రాయడంలో చెయ్యి తిరిగినవాడు. ఇప్పుడా విద్యంతా ఎర్రర్ల మీద చూపిస్తున్నాడు. బ్రౌను అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్కు, స్కేలు పెట్టి గీసిన గళ్ళు: తేదీ, ఎర్రరు నంబరు, తీసుకున్న చర్య, రిమార్కులు. నేను కళ్ళారా చూసిన పద్దు ఒకటి: 'ఎర్రరు 0ఎక్స్80070070. సి డ్రైవులో స్థలాభావం. రీసైకిల్ బిన్ ఖాళీ చేయడమైనది. ఫలితం శూన్యం. తదుపరి చర్య నిమిత్తం బామ్మర్దికి ఫోను చేయడమైనది. ఫలితం అదే.'

ఆ బామ్మర్దిని నేనే. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. నేను రోజూ చూసేది వడ్డీలు లెక్కకట్టే ప్రోగ్రాము. విండోస్ ఎందుకు అలిగిందో నాకు తెలియాల్సిన పనిలేదు. ఈ మాట బావకి ఎక్కదు. మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశంలో, భోజనాల బంతిలో, పులిహోర వడ్డిస్తుండగా, 'మావాడికి సాఫ్ట్‌వేరు ఉద్యోగమైతే వచ్చింది గానీ సాఫ్ట్‌వేరు రాదు' అని వరసంతా వినేలా అన్నాడు. అందుకు బదులు ఇప్పుడు తీర్చుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీండి.

బావ వైద్యంలో రాజమందు ఒకటుంది. విండోస్ తను దించుకున్న అప్‌డేట్లని 'సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్' అనే ఫోల్డరులో దాచుకుంటుంది. ఆ దించుకున్నది చెడిపోతే, ఎన్నిసార్లు మొదలెట్టినా ఆ చెడిపోయినదాన్నే పట్టుకుని మళ్ళీ చతికిలబడుతుంది. అప్పుడు నల్లటి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, అప్‌డేట్ సర్వీసుని ఆపి, ఆ ఫోల్డరు పేరు చివర 'ఓల్డ్' అని తగిలించి, సర్వీసుని మళ్ళీ నడిపించాలి. పాతది కనపడక విండోస్ కొత్త ఫోల్డరు తెరుచుకుని మొదటినుంచి దించుకుంటుంది. నిజంగా మంచి మందే. పాత లెడ్జరు మూసి కొత్తది తెరిచినట్టుంటుంది కాబట్టి బావకి మరీ ప్రాణం. 'నెట్ స్టాప్' అని రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్నప్పుడు ఆయన ముఖం చూడాలి. కింది పెదవి పంటి కింద, కళ్ళజోడు ముక్కు కొసన. ఆ క్షణంలో అక్క కాఫీ తెచ్చినా సైగతోనే వెనక్కి పంపిస్తాడు.

చిక్కల్లా, పనయ్యాక ఆ పాత ఫోల్డరుని తీసిపారేయాలి. బావ పారేయడు. రికార్డు పారేసినవాడు సర్వీసులో బాగుపడలేదంటాడు. దాంతో సి డ్రైవులో ఓల్డ్, ఓల్డ్ టూ, ఓల్డ్ లాస్ట్, ఓల్డ్ రియల్ లాస్ట్ అనే పేర్లతో, ఒక్కోటి కొన్ని జీబీల చొప్పున బైఠాయించాయి. వీటికి తోడు మేనకోడలి పెళ్ళి వీడియో. డెస్క్‌టాప్ మీద 'పెళ్ళి', 'పెళ్ళి కాపీ', 'పెళ్ళి ముట్టుకోవద్దు' అని మూడు ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద పెట్టినదంతా సి డ్రైవు ఖాతాలోకే వస్తుందని ఆయనకి తెలుసు. డి డ్రైవులోకి మార్చొచ్చుగా అంటే, 'మారుస్తుండగా కరెంటు పోతే?' అంటాడు. అప్‌డేట్ చెడినప్పుడల్లా చేసే వైద్యం వల్ల స్థలం తగ్గుతుంది, స్థలం తగ్గినందువల్ల వచ్చే నెల అప్‌డేట్ చెడుతుంది, రిజిస్టరులో పేజీలు నిండుతుంటాయి. ఇంత పకడ్బందీ ఏర్పాటు నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఈ అప్‌డేట్లు నెలనెలా రెండో మంగళవారం వస్తాయి. 2003 నుంచీ అదే ఆచారం. అమెరికా పడమటి తీరంలో పొద్దున్న 10 గంటలకి వదిలితే మనకి రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మంగళవారం పూట ఎవరైనా పని మొదలెడతారా, అందుకే తగలడుతోందని మా అక్క సిద్ధాంతం. బావ దాన్ని కొట్టిపారేస్తాడు. కొట్టిపారేసి, క్యాలెండరులో వర్జ్యం చూసుకుని, బుధవారం మధ్యాహ్నం నొక్కుతాడు.

నొక్కాక ఇంట్లో కర్ఫ్యూ. మిక్సీ వేయకూడదు, మోటారు వేయకూడదు, ఆ గదిలో ఫ్యాను స్విచ్చి కూడా ఆయనే వేయాలి. యూపీఎస్ ఉందిగానీ బ్యాటరీ చచ్చి ఏళ్ళయింది. కరెంటు పోగానే కుయ్యిమని ఒక్క కేక పెట్టి అదీ పోతుంది. అందుకని లైన్‌మన్‌కి ముందే ఫోను. 'ఒక్క గంట ఆగి తీయండి నాయనా, 74 శాతంలో ఉన్నాం' అని బతిమాలుకోవడం నేను విన్నాను. ఆ లైన్‌మన్ ఏమనుకున్నాడో గాని ఆ పూట కరెంటు తీయలేదు. 74 కాస్తా 90 అయింది, 90 నూరైంది, సిస్టమ్ రీస్టార్టయింది, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తరవాత తీర్పు వచ్చింది: అప్‌డేట్లు పూర్తిచేయలేకపోయాం, మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం, కంప్యూటరు ఆపకండి. ఎక్కడానికి పట్టినదానికంటే దిగడానికే ఎక్కువసేపు పట్టింది. అంతసేపూ బావ కుర్చీలోంచి లేవలేదు. అన్నం చల్లారిపోతోందని అక్క అంటే, 'దాన్నలా వదిలేసి ఎలా వస్తానే' అన్నాడు. మేనకోడలికి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఈయన క్యాంపులో ఉన్నాడన్న సంగతి అక్క ఇంకా మరిచిపోలేదు.

బావ పిసినారి అని చెప్పడానికి లేదు. మనవలతో వీడియో కాల్ మాట్లాడటానికి మంచి ఫోనే కొన్నాడు. ఈ డబ్బా విషయంలో మాత్రం ఎందుకింత పట్టో నాకు నిరుడు గాని అర్థం కాలేదు.

విండోస్ 7తో కొన్నదాన్ని ఉచితంగా 10కి మార్చుకోవడానికి 2016 జూలై 29 గడువంటే, ఆఖరి వారంలో తంటాలుపడి మార్చాడు. 2021లో విండోస్ 11 వచ్చింది. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరమో ఆపైదో కావాలి. బావది రెండో తరం. అర్హత లేదని తెర మీద వస్తే చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాడని అక్క చెప్పింది. ఆ ఏడాది డిసెంబరు 31నే ఆయన 60 నిండి రిటైరయ్యాడు. ఆ మర్నాటి నుంచి, అంటే 2022 జనవరి 1 నుంచి, వర్తించేలా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసు 62కి పెంచింది. ఒక్క పూట తేడాలో రెండేళ్ళ సర్వీసు పోయింది. ఈ సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తరు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కీ పదవీ విరమణ అయింది. అయితే ఇళ్ళలో వాడుకునేవాళ్ళకి 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. సెట్టింగులు మన ఖాతాలోకి బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. ఆ రాత్రి బావ ఫోను.

'ఏమోయ్, దీనికి ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు!'

ఆయనకి సూపరింటెండెంటు ప్రమోషన్ వచ్చినరోజు కూడా ఆ గొంతులో అంత సంబరం లేదు.

షరతు ఒకటుంది. సిస్టమ్ 22హెచ్2 అనే వెర్షన్ మీద ఉండాలి. బావది అంతకు వెనక ఎక్కడో ఆగిపోయింది. 'సర్వీసు రిజిస్టరు సరిగ్గా లేక నష్టపోయినవాళ్ళని ఎంతమందిని చూశానో నీకు తెలియదు, వెంటనే రా' అన్నాడు. వెళ్ళాను.

వెళ్ళేసరికి తెర మీద గడియారం 2012 జనవరి 1 చూపిస్తోంది. మదర్‌బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్2032 అంటారు. వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2. ప్లగ్గు తీసేసినా తేదీని, టైముని నిలబెట్టేది అదే. అది చచ్చిపోతే సిస్టమ్ పొద్దున్నే లేచి తన చిన్నతనంలోకి వెళ్ళిపోతుంది. తేదీ తప్పయితే అప్‌డేట్ సర్వరు చూపించే ధ్రువపత్రం చెల్లదనుకుని అసలు కనెక్టే అవ్వదు. దానికి తోడు, కరెంటు దండగని బావ రోజూ రాత్రి బోర్డు దగ్గరే స్విచ్చి కట్టేస్తాడు, భారమంతా ఆ బిళ్ళ మీద పడుతుంది. రిజిస్టరు తిరగేస్తే పేజీల కొద్దీ ఒకటే పద్దు: తేదీ సరిచేయడమైనది, తేదీ సరిచేయడమైనది. బిళ్ళ మార్చాలని తెలియదా అంటే తెలుసు. కొత్త బిళ్ళ కొని అలమరలో పెట్టుకున్నాడు కూడా. ప్యాకెట్టు విప్పలేదు.

'ఉన్నది పూర్తిగా పోనీవోయ్' అన్నాడు.

నేను బిళ్ళ మార్చాను. బావ స్నానానికి వెళ్ళినప్పుడు అక్క తలుపు దగ్గర కాపలా నిలబడితే, ఓల్డ్‌లన్నిటినీ రియల్ లాస్ట్‌తో సహా తీసేశాను. పెళ్ళి వీడియో ఒకటి డి డ్రైవులోకి పంపి, సరిగ్గా ఆడుతోందని చూసుకుని, మిగతా రెండిటికీ సెలవిచ్చాను. ఆ రాత్రి 22హెచ్2 ఎక్కింది. ఎక్స్‌టెన్షన్ కూడా మంజూరైంది. బావ రిజిస్టరులో ఎర్ర ఇంకుతో 'మూసివేయడమైనది' అని రాసి, సంతకం పెట్టి, కింద రెండు గీతలు గీశాడు.

మర్నాడు పొద్దున్న సిస్టమ్ ముందు కూర్చున్నాడు. అది పనిచేస్తోంది. పనిచేసే కంప్యూటరుతో ఏం చేయాలో ఆయనకి తోచలేదు. పెళ్ళి ఫొటోలు తెరిచి మూసేశాడు. అప్‌డేట్లు ఏమైనా ఉన్నాయా అని నొక్కాడు. లేవంది. కాసేపాగి మళ్ళీ నొక్కాడు. సాయంత్రం నేను బయల్దేరుతుంటే ఆయన చూపు నా బ్యాగు మీద పడింది.

'నీ లాప్‌టాప్ ఎట్లా ఉందోయ్?'

'బానే ఉంది బావా.'

'బానే ఉందంటే? ఈ నెలది ఎక్కిందా?'

'అది ఆఫీసుది బావా, వాళ్ళే చూసుకుంటారు. మనం ముట్టుకోకూడదు.'

'ముట్టుకోనయ్యా, ఊరికే చూస్తా. తెరువు.' తెరవమని నాతో అంటూనే వంటింటి వైపు తిరిగి, 'ఏమేవ్, ఆ చిన్న స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టావ్?' అని కేకేశాడు.

'నీకు రైలు టైమైపోతోందిరా, ఇంకా ఇక్కడే ఉన్నావేంటి!' అని లోపల్నుంచి మా అక్క అరిచింది.