బావగారి సేవాభాగ్యం

బావగారూ, టెక్సాస్‌లోని మన కాపెల్‌లో మీ అంత దాత మరొకరు లేరని నలుగురిలో చెప్పడానికి నాకు మొహమాటం లేదు. దానానికి డబ్బు, మనసు ఉంటే చాలనుకునేవాడు మా తాత. పాతకాలం మనిషి. ఆ రెండూ లేకపోయినా ఈఐఎన్ నంబరు (సంస్థలకిచ్చే పన్ను గుర్తింపు) ఉంటే చాలని మీరు చేసి చూపించారు. ఆ నంబరు కూడా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వాళ్లు ఉచితంగానే ఇస్తారు.

మీరు పూనుకోకముందు మన అజ్ఞానం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. శనివారం పొద్దున ఆండ్రూ బ్రౌన్ పార్కులో నడక ముగించి, ఎనిమిదిమందిమి తలా యాభై డాలర్లు వేసుకుని మన ఊరి హైస్కూలు హెడ్మాస్టరుగారికి పంపేవాళ్లం. ఆయన పేదపిల్లల పరీక్ష ఫీజులు కట్టి, మిగిలిన చిల్లరతో సహా లెక్కంతా రూళ్లకాగితం మీద రాసి వాట్సాప్‌లో పెట్టేవారు. రసీదు లేదు, లోగో లేదు, వెనకాల బ్యానరైనా లేదు. ఆ ఆటవిక దశ నుంచి మమ్మల్ని ఉద్ధరించిన పుణ్యం మీదే.

టెక్సాస్‌లో లాభాపేక్ష లేని సంస్థకు కనీసం ముగ్గురు డైరెక్టర్లు ఉండాలి. అధ్యక్షుడూ కార్యదర్శీ ఒకరే కాకూడదు. ఇంత కఠినమైన నిబంధనను మీరు వంటింటి గడప దాటకుండానే జయించారు. అధ్యక్షులు మీరు, కార్యదర్శి మా అక్కయ్య, పెసరట్టు తింటూ దొరికిపోయిన మూడో డైరెక్టర్ని నేను. రిజిస్ట్రేషనుకు ఆస్టిన్‌కు 25 డాలర్లు, పన్ను మినహాయింపుకు ఐఆర్‌ఎస్‌కు 275. ఫారం 1023 పూర్తిది నింపితే 600 డాలర్లు, పైగా ఏం చేయబోతున్నామో వివరంగా రాయాలి. అంత ఇబ్బందికర ప్రశ్నలు లేని 1023-ఈజీని ఎంచుకోవడంలోనే మీ దూరదృష్టి ఉంది. ఏటా రాబడి 50,000 డాలర్లు దాటదని హామీ ఇస్తే చాలన్నారు. సంస్థ తరఫున మీరిచ్చిన హామీల్లో ఇప్పటిదాకా అక్షరాలా నిలబడింది అదొక్కటే.

501(సి)(3) పన్ను మినహాయింపు ఉత్తరం రాగానే పటం కట్టించి వేంకటేశ్వరుడి పక్కన పెట్టారు. ఇక ఉద్యోగి వంద ఇస్తే కంపెనీ మరో వంద కలుపుతుందనీ, సేవ చేసిన గంటలకు కూడా కొన్ని కంపెనీలు డబ్బిస్తాయనీ అందరికీ పాఠం చెప్పారు. ఆ లెక్కన బ్యానరు కట్టిన గంటలు, దాని ముందు ఫొటో దిగిన గంటలు మీరు విడివిడిగా రాసుకున్నారు. 2025 ఏప్రిల్‌లో ఫ్యానీ మే అనే గృహరుణాల సంస్థ వందమందికి పైగా ఉద్యోగుల్ని అనైతిక ప్రవర్తన పేరుతో తీసేసింది. మ్యాచింగ్ గ్రాంట్ల వ్యవహారంలో ఉద్యోగాలు పోయినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని పత్రికలు రాశాయి. అది చదివి నేను బెదిరితే, "మనకింకా ఒక్క డాలరూ మ్యాచ్ కాలేదుగా!" అని ధైర్యం చెప్పారు. ఇంతకన్నా నిష్కళంక చరిత్ర ఏ సంస్థకుంది?

కంచెర్ల గోపన్న మీ కాలంలో పుట్టకపోవడం ఆయన దురదృష్టం. సర్కారు సొమ్ముతో ముందు గుడి కట్టేసి తరవాత గోల్కొండ ఖైదులో పడ్డాడు. మిమ్మల్ని అడిగితే ముందు సంస్థను రిజిస్టరు చేయించేవారు, గుడి సంగతి తరవాత చూసుకోవచ్చునని.

అమెరికా ఇరుకైపోయి మీ చూపు ఇండియా సీఎస్‌ఆర్ నిధుల మీద పడింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టాలి. ఆ డబ్బు కాపెల్ సంస్థకు రాదు. అక్కడే రిజిస్టరై, 12ఏ, 80జీ పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు ఉండి, 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన సీఎస్‌ఆర్-1 ఫారం కూడా వేసి ఉండాలి. అక్కడ సొసైటీ పెట్టాలంటే ఏడుగురు సభ్యులు కావాలన్నారు. ఊళ్లో మీ చిన్ననాటి పేకాట జట్టు సరిగ్గా ఏడుగురు. దైవసంకల్పం కాకపోతే ఏమిటి? అయితే ఒక్క చిక్కు: అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం చూపించాలి. "ఈ మూడేళ్లూ ఏం చేయాలండీ?" అని మీరు ఆడిటరుగారిని అడిగితే, ఆయన ఫోన్లో కాసేపు మాట్లాడలేదట. తరవాత "సేవండీ" అన్నారట.

పోనీ కాపెల్ ఖాతాలోని డాలర్లే ఆ సొసైటీకి పంపుదామంటే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ అడ్డం. అందులో నమోదుకీ మూడేళ్లు గడవాలి, 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే ఖాతా తెరవాలి. మీరు కిందటేడు అమెరికా పౌరసత్వం పుచ్చుకున్నారు గనక మీ జేబులోది కూడా విదేశీ విరాళమే. మీరు పుట్టిన ఊరికి, మీరు పెట్టించిన సొసైటీ చేత నాలుగు బల్లలు కొనిపించాలన్నా కేంద్ర హోంశాఖ అనుమతి కావలసినంత ఎత్తుకు ఎదిగారు. మన వంశంలో ఇంతవరకూ ఎవరికీ దక్కని గౌరవమిది.

ఈ ఏడు హెడ్మాస్టరుగారు ఫోన్ చేశారు, పరీక్ష ఫీజుల గడువు దగ్గరపడిందని. మీరు ఆయన్ని ప్రపోజల్ పంపమన్నారు: బడ్జెట్, ఫొటోలు, లబ్ధిదారుల జాబితా, ఆశించే ఫలితాలు. ఆయన పంపలేదు. ఫీజులు తన జీతంలోంచి కట్టేశారని తరవాత తెలిసింది. ఎంత తొందరపాటు మనిషి! మీకు రావలసిన అనుభవం కాస్తా తనే కొట్టేశారు.

డైరెక్టరు హోదాలో ఒక్కమాట మనవి చేసుకుంటాను. రాబడి లేని సంస్థలు కూడా ఐఆర్‌ఎస్‌కు ఏటా మే 15 లోగా 990-ఎన్ పంపాలి. వరసగా మూడేళ్లు పంపకపోతే ఆ పటం కట్టిన ఉత్తరం దానంతటదే రద్దవుతుంది. రెండేళ్ల నుంచి పంపలేదని అక్కయ్య అంటోంది. ఇవాళ మే 12.